అమావాస్య మరునాటి బుట్ట

మానవజాతి కనిపెట్టిన సాధనాలన్నింటిలోనూ కళ్లజోడు ఒక్కటే పెట్టుకున్నప్పటికన్న తీసినప్పుడు ఎక్కువ పనిచేస్తుంది. నాగలిని మట్టిలోంచి తీస్తే దున్నదు. పడవను నీళ్లలోంచి తీస్తే తేలదు. కళ్లజోడు మాత్రం ముక్కు మీంచి దిగి, రెండు వేళ్ల మధ్య కాసేపు ఊగి, నల్లకోటు అంచుతో ఒకసారి తుడిపించుకున్నదంటే చాలు, ఎదుటివాడు తన ప్రశ్నను తానే మింగేస్తాడు. ఈ పరమసత్యాన్ని గ్రహించిన మహనీయులు లోకంలో కొద్దిమంది. వారిలో బరంపురం న్యాయవాది వేంకటరమణమూర్తిగారు అగ్రగణ్యులు.

మూర్తిగారి గది గేటు బజారులో, ఒక అప్పడాల కొట్టు పైన ఉంది. గుమ్మం పక్కన ఇత్తడి పలక. దాని మీద ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ చెక్కిన బిరుదులు మూడు: భూహక్కుల న్యాయవాది, సహజ వనరుల పరిపాలనా సలహాదారు, మద్రాసు కాలపు తెలుగు దస్తావేజుల నిపుణుడు. ఆ మూడో ముక్క తెలుగులో లేకపోవడాన్ని ఇరవై రెండేళ్లలో ఇద్దరో ముగ్గురో గమనించారు. వారు దాన్ని వినయమనుకున్నారు.

మొదటి రెండు బిరుదుల కథ క్లుప్తం. యౌవనంలో ఆయన కూడా అందరిలాగే అన్నదమ్ముల గోడ తగాదాలు వాదించుకునేవారు. ఇంతలో భువనేశ్వరం నుంచి స్వచ్ఛంద సంస్థలవారు వచ్చి, కొండనూ ఏటినీ ఇసుకనూ కలిపి వనరులంటారనీ, వాటి మీది కొట్లాటను పరిపాలన అంటారనీ, దానికి మధ్యాహ్న భోజనంతో కూడిన సదస్సులుంటాయనీ తెలియజేశారు. నిన్నటిదాకా గోడ గురించి వాదించిన మనిషి మర్నాటి నుంచి భూగోళం గురించి వాదించసాగారు. పాత్రపూర్ వైపు జీడిమామిడి మెట్టలు, భంజనగర్ అడవి అంచులు, ఖల్లికోట దగ్గర చేపల మడుగులు, ఒకటేమిటి, గంజాంలో ఏటవాలుగా ఉన్నదీ తడిగా ఉన్నదీ ఏదైనా సరే మూర్తిగారి ఉపన్యాసంలో చోటు సంపాదించింది. వాటిలో కొన్ని కొండలు ఉపన్యాసం ముగిసేలోగా కంకరై లారీలెక్కాయి. ఉపన్యాసం మాత్రం చెక్కుచెదరలేదు.

మూడో బిరుదు కథ కొంచెం లోతైనది. గంజాం ఒకప్పుడు మద్రాసు ఏలుబడిలో ఉండేది. ఆనాటి జమీందారీ కాగితాలు చాలావరకు తెలుగులో ఉన్నాయి. ఈనాటి కచేరీలు ఒడియాలో నడుస్తున్నాయి. తాతల కాగితంలో తమ పొలం గురించి ఏం రాసుందో తెలియని జనం ఒక వైపు, తెలుసుకోవాలన్న కోరిక లేని అధికారులు మరో వైపు, నడుమ అగాధం. ఆ అగాధం మీద మూర్తిగారు వంతెనలా నిలిచారు. ఆ వంతెనకు ఉన్న లోపం ఒక్కటే: మూర్తిగారికి తెలుగు చదవడం రాదు.

ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. తరతరాలుగా బరంపురంలో స్థిరపడిన తెలుగువాళ్లలో ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, ఉద్యోగంలో ఇంగ్లీషు రాస్తారు. సిగ్గుపడవలసింది ఏదైనా ఉంటే ఆ ఇత్తడి పలక పడాలి. ఇత్తడికి ఆ అలవాటు లేదు.

మరి పాత కాగితాలు చదివేదెవరంటే, ఆయన అక్క హైమవతి. ఊళ్లో తెలుగు బడి ఒకటి బతికున్న రోజుల్లో ఆవిడ అందులో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పింది. ప్రతి ఆదివారం మూర్తిగారు కాగితాల కట్ట పట్టుకుని అక్కగారి వంటింటికి వెళ్లేవారు. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని, ఒక కంట వంకాయనూ మరో కంట జమీందారునూ చూస్తూ బయటికి చదివేది. తమ్ముడు ఒడియాలో రాసుకునేవారు.

“ఒరే రవణా, ఇక్కడ ‘మజ్కూరు’ అని రాసేడు. అదేటో నాకూ తెలీదు. దాటేస్తున్నాను.”

“దాటెయ్యక్కా. మజ్కూరు వల్ల ఎవరికీ హక్కు రాదు.”

“ఇన్నేళ్లు చదివి పెట్టేను కదా, అనువాదం కింద ఓ మూల నా పేరు రాయించరాదూ?”

“కోర్టు కాగితం మీద వంటింటి పేరు ఏం బాగుంటుందక్కా?”

“వంటింట్లో కూచుని చదివించుకోడం బాగుందేటి?” అని ఆవిడ వంకాయను నిట్టనిలువునా చీల్చేది.

ఇక గాలిపేట వ్యవహారం. గాలిపేట సముద్రపుటొడ్డున ఉన్న తెలుగు జాలర్ల పల్లె. ఇళ్లకూ నీళ్లకూ మధ్య నాలుగెకరాల ఇసుకదిబ్బ ఉంది. మగవాళ్లు తెచ్చిన చేపను ఆడవాళ్లు ఆ దిబ్బ మీదే ఎండబెడతారు. దిబ్బ ఉంటే చేప ఎండుతుంది, పల్లె తింటుంది. దిబ్బ పోతే చేప కుళ్లుతుంది, పల్లె వలసపోతుంది. ఇంతకు మించిన అర్థశాస్త్రం గాలిపేటలో లేదు. ఒక విహార భవనాల కంపెనీ ఆ దిబ్బ మీంచి సూర్యోదయం బాగా కనబడుతుందని కనిపెట్టి, దాన్ని బంజరు కింద తమకు కౌలుకిమ్మని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది.

అప్పుడు, అంటే పదకొండేళ్ల కిందట, ఎండుచేపలమ్మే ఆడవాళ్లకు పెద్దదిక్కైన దానమ్మ, ఒక బిస్కట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని మూర్తిగారి గదికి వచ్చింది. డబ్బాలోంచి పసుపుపచ్చగా మారిన కాగితం ఒకటి తీసింది.

“మా అత్తకి ఆళ్ల అత్త ఇచ్చిన కాయితం బాబూ. దిబ్బ మాదే అని దివాణం రాసిచ్చినాది. సూడండి.”

మూర్తిగారు కాగితాన్ని ఒక నిండు నిమిషం పాటు చూశారు. కళ్లజోడు తీశారు. తుడిచారు.

“చదివాను. అంతా అర్థమైంది. నువ్వు నిశ్చింతగా వెళ్లు.”

ఆ ఆదివారం హైమవతి అందులో మొదటి తొమ్మిది వరుసలూ చదివింది. దిబ్బను గాలిపేటవాళ్లు పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవచ్చునని స్పష్టంగా ఉంది. అంతలో కుక్కరు మూడో కూత కూసింది.

“కింద ఇంకా ఉందిరా. ఏటో బుట్ట అని కనబడతోంది. పప్పు దించి వచ్చి సూస్తాను, ఉండు.”

“చాలక్కా! హక్కు వచ్చేసింది. బుట్టతో మనకేం పని?”

ఆ తొమ్మిది వరుసల మీద పదకొండేళ్లు వ్యాజ్యం నడిచింది. నాలుగు కచేరీలు మారింది. మూర్తిగారు వాటి మీద మూడు సదస్సుల్లో మాట్లాడి రెండు శాలువాలు కప్పించుకున్నారు. చివరికి వ్యవహారం బరంపురంలో ఒక పాత బంగళాలో కూర్చునే విచారణాధికారి ముందుకు వచ్చింది. ఆయన ఆ శుక్రవారం పదవీ విరమణ చేస్తారు. బల్ల మీద మిగిలిన ఒక్క దస్త్రం గాలిపేటదే. గురువారం విని, అదే రోజు తీర్పు చెబుతానని కబురు పంపారు.

అదే వారం హైమవతికి శుక్లాల ఆపరేషను జరిగింది. పదిరోజులు అక్షరం ముట్టకూడదన్నారు. మూర్తిగారు పళ్లు తీసుకుని వెళ్లి పలకరించి వచ్చారు. కాగితం సంగతి ఎత్తలేదు. కొత్తగా చదవడానికి ఏముందని?

గురువారం అమావాస్య మరునాడు. ఈ విషయానికి ఉదయాన ఎవరూ ప్రాముఖ్యం ఇవ్వలేదు.

బంగళా వెనక బెంచీల మీద గాలిపేట ఆడవాళ్లు నలభైమంది కూర్చున్నారు. ఓ పక్కన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పింటుబాబు, దిబ్బ బంజరేనని చూపే రికార్డుతో నిలబడ్డాడు. ఆయన పనిచేసే తహసీలు కచేరీ పేరు చెప్పడం మర్యాద కాదు. ఆయన అసలు పేరు ప్రభుత్వానికి తెలుసు; జనానికి పింటుబాబు చాలు. కంపెనీ తరఫున లోకనాథ్ లేచాడు. లోకనాథ్ ఒడియా న్యాయవాది. తెలుగు అక్షరం ఎరగడు గాని, లెక్కపెట్టడం ఎరుగును.

“అయ్యా, మూలపత్రంలో పంతొమ్మిది వరుసలున్నాయి. మిత్రులు సమర్పించిన అనువాదంలో తొమ్మిదే ఉన్నాయి. తక్కిన పదీ ఎటు వెళ్లాయో తెలుసుకోవాలని ఆశ,” అన్నాడు ఒడియాలో.

మూర్తిగారు చిరునవ్వు నవ్వారు. “తెలుగు విస్తారమైన భాష. ఒడియాలోకి వచ్చేసరికి క్లుప్తమవుతుంది.”

“సగానికి సగమా?” అన్నారు విచారణాధికారి.

“జమీందారీ తెలుగు మరీ విస్తారం, ఆజ్ఞా,” అన్నారు మూర్తిగారు, ‘అయ్యా’ అనడానికి ఒడియావారు వాడే మాటతో.

“అయితే ఆ విస్తారాన్నే చదివి వినిపించి, వరుస వరుసకీ అర్థం చెప్పండి.”

మూర్తిగారి చెయ్యి అలవాటుగా కళ్లజోడు మీదికి వెళ్లింది. తీశారు. ఊపారు. తుడిచారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారిగా అవతలివాడు ప్రశ్నను మింగలేదు.

“ఇది దూరపు చూపుది. దగ్గరి చూపుది ఇంట్లో ఉండిపోయింది,” అన్నారు.

“దానికేం, నాది తీసుకోండి,” అని విచారణాధికారి తన కళ్లజోడు తీసి అందించారు. మూర్తిగారు పెట్టుకున్నారు. ఇంతవరకు చిన్నవిగా అర్థం కాని అక్షరాలు ఇప్పుడు పెద్దవిగా అర్థం కాలేదు. తల అడ్డంగా ఊపారు. లోకనాథ్ ఎంతో సౌజన్యంతో తనది ఇచ్చాడు. దానిలోంచి అవి రెండేసిగా అర్థం కాలేదు. బంట్రోతు తనది ఇచ్చాడు. ఒక కాడకు దారం కట్టి ఉంది. పింటుబాబు జేబులోంచి నల్లద్దాలు తీసి ఇవ్వగా, అందులోంచి శాసనం చీకట్లో అర్థం కాలేదు. అయిదు జతల కళ్లు ధరించి మూర్తిగారు ఆ కాగితం ముందు దిక్పాలకుడిలా నిలబడ్డారు.

“ఒక నెల వాయిదా ఇప్పిస్తే…”

“రేపు నేను రిటైరవుతున్నాను మూర్తిగారూ. పత్రం ఇవాళ చదివితే ఆధారం. చదవకపోతే అది ఉత్త కాగితం. అప్పుడు దిబ్బ బంజరు, కౌలు కంపెనీది.”

వెనక బెంచీల్లో ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.  మూర్తిగారి పట్ల న్యాయంగా ఉండాలంటే ఒక మాట చెప్పాలి: ఆ క్షణంలో ఆయనకు నాలుగెకరాల దిబ్బ గుర్తుకొచ్చింది. దాని వెనకాలే ఇత్తడి పలక గుర్తుకొచ్చి, దిబ్బను పక్కకు నెట్టి ముందు వరుసలో కూర్చుంది.

“బాబూ, ఇలగియ్యండి. నాను సదువుతాను.”

దానమ్మ అప్పటికే బల్ల దగ్గరకు వచ్చేసింది.

“నువ్వా? నీకు తెలుగు చదవడం వచ్చునా?” అన్నారు మూర్తిగారు, ఆ ప్రశ్నలో ఎంత ఆశ్చర్యముందో అంత అసూయతో.

“సర్చీలో ఆదివారం బడిలో నేర్పినారు. పాటల పుస్తకం సదవాలి కదా.”

ఆవిడ కాగితాన్ని చేతి దూరంలో పట్టుకుంది. కళ్లజోళ్ల కుప్పను చూడనైనా చూడలేదు. మొదటి తొమ్మిది వరుసలు గడగడా అయిపోయాయి. తరవాత కొంచెం నెమ్మదించి, పాట పాడినట్టు చదివింది: “యిందుకుగాను మీరు ప్రతి అమావాస్య మరునాడు కచేరీకి మంచి యెండుచేప బుట్ట వొకటి చేర్చగలవారు. యే నెలయైనా తప్పినయెడల సదరు దిబ్బ దివాణపు వశమగును.” ఆ వెంటనే అదే మాట విచారణాధికారికి ఒడియాలో చెప్పింది, చేపల బేరం చెప్పినంత సునాయాసంగా.

లోకనాథ్ ముఖం పెళ్లిపందిరిలా వెలిగింది. “షరతు ఉందన్నమాట! జమీందారీలు రద్దయి డెబ్బై ఏళ్లు. ఏ కచేరీకి ఏ బుట్ట చేరింది? దిబ్బ ఏనాడో ప్రభుత్వపు వశం. ఇంత మంచి సాక్ష్యాన్ని నా కక్షిదారు కోసం పదకొండేళ్లు భద్రపరచిన మిత్రులకు కృతజ్ఞతలు.”

మూర్తిగారు దానమ్మ వైపు వంగి, పళ్ల సందునుంచి అన్నారు: “ఏటి దానమ్మా ఇది! కింద ఇలా ఉందని నాతో ఒక్కసారైనా చెప్పలేదేం?”

“సదివేనని మీరే అన్నారు కదా బాబూ. తెలిసినోరికి నాను సెప్పేదేటి?”

ఈ వాక్యానికి బదులుచెప్పే శక్తి సహజ వనరుల పరిపాలనా శాస్త్రంలో ఎక్కడా లేదు.

“మరి బుట్ట సంగతేమిటమ్మా?” అన్నారు విచారణాధికారి.

“ఏ నెలా తప్పనేదయ్యా. మా అత్త ఇచ్చినాది, ఆవిడి అత్త ఇచ్చినాది. దివాణం పోయినాక కచేరీ ఎక్కడుంటే అక్కడికే ఇస్తన్నాం. కాయితంలో ఉంది కదా మరి. తుపానొచ్చిన నెల్లో కూడా అప్పుసేసి కొని ఇచ్చినాం.”

“ఎవరికి ఇస్తున్నారు?”

దానమ్మ వేలు చాచింది. ఆ వేలు కొసన పింటుబాబు ఉన్నాడు.

బుట్ట పింటుబాబుకు ఉద్యోగ పారంపర్యంగా సంక్రమించింది. తనకు ముందున్న ఇన్‌స్పెక్టరు బదిలీ అయిపోతూ, బీరువా తాళాలతో పాటు ఒక రహస్యం కూడా అప్పగించాడు: అమావాస్య మరునాడు గాలిపేట మీదుగా రావడం మంచిది. ఆయనకు అంతకు ముందాయన చెప్పాడు. కచేరీ దాన్ని మామూలనుకుంది. పల్లె దాన్ని శిస్తనుకుంది. ఒకే బుట్టను చెరో పక్కా పట్టుకుని, చెరో పేరుతో పిలుస్తూ, రెండు పక్షాలూ డెబ్బై ఏళ్లు కలిసి నడిచాయి. ఎవరూ ఎవరినీ అడగలేదు.

“అబద్ధం ఆజ్ఞా!” అన్నాడు పింటుబాబు. “నేను ఎండుచేప ముట్టనే ముట్టను. ఆ వాసనే పడదు!”

“నల్లద్దాల బాబుకి వాసన పడదంట!” అంది వెనక బెంచీ. “పోయినెల బుట్టలో సావిడాయి సేపలు సన్నంగున్నాయని తిరగ్గొట్టింది ఎవులో మరి!”

విచారణాధికారి కిటికీలోంచి బయటకు చూశారు. అందరూ చూశారు. వరండా కింద పింటుబాబు మోటారుసైకిలు ఉంది. దాని హ్యాండిలుకు ఉదయం గాలిపేట మీదుగా వచ్చిన సంచీ ఒకటి వేలాడుతోంది. సీటు మీద రెండు పిల్లులు కూర్చున్నాయి. మూడోది వెనక కాళ్ల మీద లేచి, సంచీకి సాష్టాంగం తప్ప తక్కిన ఉపచారాలన్నీ చేస్తోంది.

బుట్ట కచేరీకి అందిందా లేదా అన్నదే ఇప్పుడు ప్రశ్న. ఔనంటే పింటుబాబు లంచగొండి. కాదంటే గాలిపేట దిక్కులేనిది. ఈ ఇరకాటంలో మూర్తిగారు ఒక అపూర్వ కార్యం చేశారు: తన కళ్లజోడును వెతుక్కుని పెట్టుకున్నారు.

“మిత్రులు తొందరపడుతున్నారు,” అన్నారు. “కచేరీకి చేరవలసిన బుట్టను కచేరీ మనిషి పుచ్చుకున్నాడు. ఆయన ప్రభుత్వానికి చెయ్యి. చేతిలో పడితే ప్రభుత్వానికి చేరినట్టే. ఆ తరవాత అది ఏ వంటింట్లో వేగిందన్నది ప్రభుత్వానికీ ప్రభుత్వపు చేతికీ మధ్య ఉన్న సంగతి. నా కక్షిదారులకు దానితో పని లేదు. షరతు ఒక్క నెల కూడా తప్పలేదు.”

నలభై ఏళ్ల వృత్తిలో ఆయన ఎవరూ చదివిపెట్టకుండా, తనంతట తానుగా ఆలోచించి చెప్పిన మాట ఇదొక్కటి. దాని సత్తువ ఎంతంటే, లోకనాథ్ కూడా ఒక క్షణం తల ఊపి, ఊపినందుకు నొచ్చుకున్నాడు.

విచారణాధికారి పింటుబాబు వైపు తిరిగారు. “చెప్పండి. ఆ బుట్టలు ప్రభుత్వం తరఫున తీసుకున్నారా, మీ తరఫునా?”

పింటుబాబు కిటికీ వైపూ, నలభైమంది ఆడవాళ్ల వైపూ, చివరికి తన పెన్షను ఉన్న దిక్కుకూ చూశాడు. అటెన్షన్‌లో నిలబడ్డాడు.

“ప్రభుత్వం తరఫునే ఆజ్ఞా. మొదటి నుంచీ.”

సాయంత్రానికి తీర్పు వచ్చింది. దిబ్బ గాలిపేటవారిది, కంపెనీ అర్జీ తిరస్కృతం, పత్రంలోని షరతు ప్రకారం నెలనెలా ఒక బుట్ట తహసీలు కచేరీకి చేర్చాలి, కచేరీ రసీదు ఇవ్వాలి. విచారణాధికారి సంతకం చేసి, కలం మూత పెట్టి, తన కళ్లజోడు అడిగి తీసుకున్నారు.

ఆ తరవాతి మాసం మూర్తిగారి జీవితంలో స్వర్ణయుగం. పత్రికలు ఫోటో వేశాయి. భువనేశ్వరం పిలిచింది. ‘తీరప్రాంత ఉమ్మడి వనరులలో ఆచారబద్ధ ప్రతిఫల నిరంతరత’ అన్న పేరుతో ఆయన నలభై రెండు పేజీల ఉపన్యాసం సిద్ధం చేయసాగారు. ఇత్తడి పలక మీద నాలుగో బిరుదుకు చోటు కొలిపించారు. అక్కగారికి మూడో శాలువా చూపించబోతే, ఆవిడ కొత్త కంటితో ఆయన్ని తేరిపార చూసింది.

“బుట్ట అని ఉందని ఆ రోజే సెప్పేనురా.”

“చెప్పావక్కా. కుక్కరే అడ్డొచ్చింది.”

మళ్లీ అమావాస్య వచ్చి వెళ్లిన మూడోనాడు, ఉపన్యాసంలో ‘పారదర్శకత’ అన్న భాగం చెప్పి రాయిస్తుండగా, దానమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతిలో రసీదు ఉంది. ప్రభుత్వ ముద్రతో, తేదీతో, ‘ఎండుచేప బుట్ట ఒకటి, నాణ్యత మంచిది’ అని ఉంది. మూర్తిగారు దాన్ని ఆప్యాయంగా చూశారు. అది ఒడియాలో ఉంది కాబట్టి చదివారు కూడా.

“చరిత్ర దానమ్మా! ఇది చరిత్ర. ఇక నీకు దిగులేటి?”

“అది బాగానే ఉంది బాబూ. ఆ నల్లద్దాల బాబే బుట్ట తూచినాడు, తీసుకున్నాడు, బీరువాలో ఎట్టి తాళమేసినాడు, ఇది రాసిచ్చినాడు. ఇచ్చి, అక్కడే నిలబడ్డాడు.”

“ఎందుకు?”

“ఇది సర్కారుది పిన్నీ, మరి నాదేదీ, అన్నాడు.”

మూర్తిగారు కళ్లజోడు తీశారు. చాలాసేపు తుడిచారు.

గాలిపేట నుంచి ఇప్పుడు నెలకు రెండు బుట్టలు వెళుతున్నాయి.